ఆఫీసుకి మల్టీలైన్ ఫోన్: ఏ రకం ఎవరికి సరిపోతుంది?

"మా ఆఫీసులో పదిమంది ఉన్నాం, ఎన్ని లైన్ల ఫోన్ కొనాలి?" అని అడిగితే సూటిగా జవాబు చెప్పడం ఎవరివల్లా కాదు. మనుషుల లెక్కతో ఫోన్లు ఎన్ని కావాలో తెలుస్తుందేమో గానీ, ఏ రకం ఫోన్లు కావాలో తెలియదు. ముందు తేల్చుకోవాల్సినవి రెండు. ఒకే సమయంలో ఎంతమంది బయటివాళ్లతో మాట్లాడుతూ ఉంటారు? ఒకరు ఎత్తిన కాల్ ఆ తర్వాత ఎవరెవరి దగ్గరికి వెళ్తుంది? ఈ రెండిటికీ మీ దగ్గర జవాబు ఉంటే సగం మోడళ్లు వాటంతట అవే పక్కకి పోతాయి. లేకపోతే ఎన్ని కేటలాగులు తిరగేసినా బటన్ల సంఖ్య చూసి కొనేస్తారు, ఆ బటన్లలో ముప్పావు వంతు ఎవరూ ఎప్పుడూ నొక్కరు.

## ముందు లైన్‌కీ ఎక్స్‌టెన్షన్‌కీ తేడా

లైన్ అంటే టెలిఫోన్ కంపెనీ నుంచి మీ ఆఫీసులోకి వచ్చే దారి. మామూలు లైన్ మీద ఒకసారికి ఒక్క బయటి కాలే నడుస్తుంది. ఎక్స్‌టెన్షన్ అంటే లోపల ఒక్కో బల్ల మీద ఉండే ఫోన్‌కి మీరు ఇచ్చుకున్న నంబరు. ఇరవై ఎక్స్‌టెన్షన్లు ఉండి లైన్లు మూడే ఉన్నాయనుకోండి, ముగ్గురు బయటికి మాట్లాడుతుండగా నాలుగో మనిషి బయటి లైన్ కోసం 9 నొక్కితే బిజీ టోన్ వస్తుంది. అప్పుడు ఫోన్ పాడైందనుకుంటారు, నిజానికి దారి ఖాళీ లేదంతే.

ఇక్కడే హంటింగ్ గురించి కూడా చెప్పాలి. మూడు లైన్లకి మూడు నంబర్లు ఉంటాయి, కానీ బోర్డు మీద రాసేది ఒక్కటే. ఆ నంబరు బిజీగా ఉన్నప్పుడు కాల్ దానంతటదే రెండో లైన్‌కి, అదీ బిజీ అయితే మూడోదానికి వెళ్లాలి. ఇది ఫోన్ సెట్‌లో వచ్చే ఫీచర్ కాదు, టెలిఫోన్ కంపెనీ తన ఎక్స్‌ఛేంజ్‌లో పెట్టి ఇవ్వాలి. అడక్కపోతే పెట్టరు. నాలుగు లైన్ల ఫోన్ కొని హంటింగ్ పెట్టించుకోకపోతే మొదటి లైన్ ఎప్పుడూ బిజీ, మిగతా మూడూ ఊరికే ఉంటాయి.

ఐపీ ఫోన్ల దగ్గరికి, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఫోన్ల దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క మారుతుంది. అక్కడ బాక్స్ మీద "16 లైన్లు" అని ఉంటే చాలా సందర్భాల్లో ఆ ఫోన్‌లో 16 అకౌంట్లు, అంటే సర్వర్‌లో నమోదయ్యే 16 నంబర్లు పెట్టుకోవచ్చని అర్థం. ఒక్క అకౌంట్ మీదే ఒకేసారి రెండు మూడు కాల్స్ నడుస్తాయి కాబట్టి మామూలు ఉద్యోగికి ఒకటో రెండో అకౌంట్లున్న ఫోన్ చాలు. 16 అనే అంకె చూసి ఎక్కువ డబ్బు పెట్టకండి.

## ఎన్ని లైన్లు కావాలో లెక్క వేయడం

దీనికి వంద ఏళ్లు దాటిన సూత్రం ఒకటి ఉంది. కోపెన్‌హేగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితజ్ఞుడు 1917లో దాన్ని ప్రచురించాడు, ఇప్పటికీ కాల్ సెంటర్లు ఆయన పేరు మీదున్న లెక్కలతోనే నడుస్తున్నాయి. మనకి కావాల్సినంత వరకు ఇలా చూడొచ్చు: మీ ఆఫీసులో బాగా రద్దీగా ఉండే గంట ఏదో పట్టుకోండి. ఆ గంటలో వచ్చేవీ వెళ్లేవీ కలిపి 30 కాల్స్, ఒక్కోటి సగటున 3 నిమిషాలు అనుకుందాం. మొత్తం 90 నిమిషాల మాట, అంటే ఒకటిన్నర గంట. దీన్నే 1.5 ఎర్లాంగ్ అంటారు. ఒకటిన్నర గంట మాటకి రెండు లైన్లు చాలనిపిస్తుంది కదా, కానీ కాల్స్ వరసలో నిలబడి ఒకదాని తర్వాత ఒకటి రావు, గుంపుగా వచ్చి పడతాయి. అందుకే రెండు లైన్లయితే నూటికి దాదాపు 31 కాల్స్‌కి బిజీ తగులుతుంది. మూడైతే 13, నాలుగైతే 5, ఐదైతే ఒకటి కొంచెం పైన.

నా మాట అడిగితే నూటికి ఐదు కంటే ఎక్కువ కాల్స్ బిజీకి పోనివ్వకూడదు, కొత్త గిరాకీ ఫోన్ మీదే వచ్చే వ్యాపారమైతే రెండుకి మించకూడదు. బిజీ టోన్ విన్న పాత కస్టమర్ మళ్లీ చేస్తాడు, కొత్తవాడు పక్క నంబరుకి చేస్తాడు.

## ఫీచర్లలో నిజంగా చూడాల్సినవి

ప్రతి బ్రోచర్‌లోనూ నలభై ఫీచర్ల జాబితా ఉంటుంది. రోజూ చేతికి తగిలేవి ఐదారే.

హోల్డ్. అన్ని ఫోన్లలోనూ ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు, కానీ అసలు తేడా ఇక్కడే ఉంది. లైన్లని అందరూ పంచుకునే పద్ధతిలో ఒకరు హోల్డ్ పెడితే ఆ లైన్ దీపం ప్రతి ఫోన్ మీదా మిణుకుతుంది, ఎవరైనా సరే ఆ బటన్ నొక్కి అందుకోవచ్చు. "రెండో లైన్‌లో మీకు కాల్ ఉంది" అని గట్టిగా చెబితే చాలు. ఎక్స్‌టెన్షన్ల పద్ధతిలో మామూలుగా అలా కుదరదు, మీరు హోల్డ్ పెట్టిన కాల్ మీ ఫోన్‌లోనే ఉండిపోతుంది. వేరేవాళ్లు అందుకోవాలంటే మీరు ట్రాన్స్‌ఫర్ చేయాలి లేదా పార్క్ చేయాలి. పాత నాలుగు లైన్ల సెట్ల నుంచి కొత్త సిస్టమ్‌కి మారిన ఆఫీసుల్లో మొదటి వారం జరిగే గొడవల్లో ఎక్కువ భాగం దీని గురించే, ఎందుకంటే ఈ తేడా అమ్మేవాళ్లు ముందుగా చెప్పరు.

పార్క్. కాల్‌ని ఒక ఉమ్మడి నంబరులో పెట్టి, ఏ ఫోన్ దగ్గరున్నవాళ్లయినా ఆ నంబరు కొట్టి తీసుకోవడం. గోడౌన్, వర్క్‌షాప్, ఆస్పత్రి లాంటి చోట్ల మనిషి తన బల్ల దగ్గర ఉండడు, ఎక్కడున్నాడో కూడా తెలియదు. అలాంటి చోట ట్రాన్స్‌ఫర్ కంటే పార్కే పనికొస్తుంది.

ట్రాన్స్‌ఫర్. రెండు రకాలు. ముందు అవతలి మనిషితో మాట్లాడి, "ఫలానావారు లైన్లో ఉన్నారు, ఇవ్వనా" అని అడిగి ఇవ్వడం ఒకటి. అడక్కుండా పంపేయడం ఇంకోటి. రెండూ ఉండాలి. అడక్కుండా పంపిన కాల్ ఎవరూ ఎత్తకపోతే తిరిగి పంపినవాళ్ల దగ్గరికే రావాలి, ఈ ఒక్కటీ కొనేముందు చేయించి చూడండి. రాకపోతే అలా పోయిన కాల్ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు.

పికప్. పక్క బల్ల మీద ఫోన్ మోగుతుంటే లేచి వెళ్లకుండా మన ఫోన్ నుంచే అందుకోవడం. చిన్న టీమ్‌కి ఇది చాలా హాయి.

బిజీ దీపాలు. ఎవరు ఫోన్‌లో ఉన్నారో, ఎవరు ఖాళీయో రిసెప్షన్‌లో కూర్చున్నవాళ్లకి దీపాల్లో కనిపించాలి. రిసెప్షన్ ఫోన్ ఒక్కదానికి మాత్రం ఖరీదైనది కొనండి, పక్కన అదనపు బటన్ల ప్యానెల్ తగిలించుకునే వీలు ఉన్నది. మిగతావాళ్లకి మామూలుది చాలు.

స్పీకర్‌ఫోన్ గురించి ఒక్క మాట. చవక సెట్లలో ఒకసారికి ఒకవైపు మాటే వెళ్తుంది, మీరు మాట్లాడుతుంటే అవతలివారి గొంతు తెగిపోతుంది. మీటింగులు ఫోన్ మీద పెట్టుకునే అలవాటుంటే రెండువైపులా ఒకేసారి వినిపించేది, అంటే ఫుల్ డూప్లెక్స్ ఉన్నది అడిగి తీసుకోండి. రోజంతా ఫోన్‌లో మాట్లాడేవాళ్లకి హెడ్‌సెట్ జాక్ ఉండాలి, మెడ వంచి హ్యాండ్‌సెట్ భుజానికి ఇరికించుకునే ఉద్యోగం ఎవరూ చేయకూడదు.

"సేల్స్ కోసం 1 నొక్కండి" లాంటి ఆటో అటెండెంట్ ఐదుగురు ఉన్న ఆఫీసుకి అవసరం లేదని నేను గట్టిగా అనుకుంటాను. మనిషి ఎత్తగలిగినప్పుడు మనిషే ఎత్తాలి. ఆఫీసు మూసేసిన తర్వాత, సెలవు రోజుల్లో మాత్రం అది పెట్టుకోండి.

## ఇక ఒక్కో రకం

### పెట్టె అక్కర్లేని రెండు, నాలుగు లైన్ల సెట్లు

మధ్యలో ఎక్స్‌ఛేంజ్ పెట్టె ఏమీ ఉండదు. ప్రతి ఫోన్‌కీ అన్ని లైన్లూ వెళ్తాయి, ప్రతి ఫోన్ మీదా అవే బటన్లు ఉంటాయి. నేర్పాల్సింది దాదాపు ఏమీ లేదు, వెలుగుతున్నది నొక్కు, మాట్లాడు. అందరూ ఒకే గదిలో, ఒకరికొకరు కనిపించేంత దూరంలో ఉంటే ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు.

తీగల దగ్గర ఒక చిన్న మెలిక ఉంది. మామూలు ఫోన్ తీగలో రెండే వైర్లు ఉండొచ్చు, అవి ఒక్క లైన్‌కే సరిపోతాయి. రెండు లైన్లకి నాలుగు వైర్ల తీగ కావాలి. మధ్య జత ఒకటో లైన్‌కి, బయటి జత రెండో లైన్‌కి. నాలుగు లైన్ల సెట్‌కైతే అలాంటి తీగలు రెండు. కొత్త ఫోన్‌లో "రెండో లైన్ పనిచేయడం లేదు" అంటే ముందు చూడాల్సింది ఈ తీగనే.

లోపాలు కూడా గట్టివే. నాలుగు లైన్లు దాటితే ఈ రకం దాదాపు దొరకదు. ఇంటర్‌కమ్ పనిచేయాలంటే అన్ని సెట్లూ ఒకే కంపెనీవి, చాలాసార్లు ఒకే సిరీస్‌వి అయి ఉండాలి, ఆ మోడల్ రావడం ఆగిపోతే కొత్తది కలపలేరు. గోప్యత తక్కువ, కాబట్టి వేరే సెట్ నుంచి అదే లైన్ ఎత్తితే వినపడకుండా ప్రైవసీ ఫీచర్ ఉందో లేదో చూసుకోండి. ఇంకోటి, లైన్‌కి కావాల్సిన కరెంటు టెలిఫోన్ కంపెనీ ఎక్స్‌ఛేంజ్ నుంచే వస్తుంది గానీ డిస్‌ప్లే, ఇంటర్‌కమ్ ఉన్న సెట్లకి అడాప్టర్ కావాలి, కరెంటు పోతే వీటిలో కొన్ని మూగబోతాయి.

### ఈపీఏబీఎక్స్

ఇది ఆఫీసు లోపలి సొంత ఎక్స్‌ఛేంజ్. గోడకి ఒక పెట్టె, దానికి ఒకవైపు బయటి లైన్లు, ఇంకోవైపు ప్రతి బల్లకీ విడివిడిగా వెళ్లే తీగ. ఆపరేటర్ దగ్గర బటన్లున్న కీ ఫోన్, మిగతావాళ్ల దగ్గర అతి మామూలు సింగిల్ లైన్ ఫోన్లు. పాడైతే ఏదో ఒక మామూలు ఫోన్ తెచ్చి తగిలించుకోవచ్చు, ఈ ఒక్క సుఖం కోసమే ఇప్పటికీ చాలా హోటళ్లు, ఆస్పత్రులు, అపార్ట్‌మెంట్లు దీన్ని వదల్లేదు. లోపలి కాల్స్‌కి ఖర్చు లేదు. ఎవరు బయటికి చేయొచ్చో, ఎవరు చేయకూడదో కట్టడి పెట్టొచ్చు.

చాలా మోడళ్లలో కరెంటు పోయినప్పుడు ఒకటో లైన్‌ని నేరుగా ఒక నిర్ణీత ఎక్స్‌టెన్షన్‌కి కలిపే ఏర్పాటు ఉంటుంది. అది ఏ ఎక్స్‌టెన్షనో బిగించేవాళ్లని అడిగి, అక్కడ అడాప్టర్ అక్కర్లేని మామూలు ఫోన్ పెట్టండి.

కష్టమల్లా మార్పుల దగ్గర. ఎక్స్‌టెన్షన్ నంబరు మార్చాలన్నా, రింగ్ ఎవరికి మోగాలో మార్చాలన్నా ఆపరేటర్ ఫోన్ నుంచి కోడ్‌లు కొట్టాలి, ఆ కోడ్‌లు అడక్కపోతే మీకు ఎవరూ ఇవ్వరు, ప్రతిసారీ టెక్నీషియన్ రావాలి. కొన్న రోజే ప్రోగ్రామింగ్ పుస్తకం, పాస్‌వర్డ్ అడిగి తీసుకుని జాగ్రత్త చేయండి. లైన్లు, ఎక్స్‌టెన్షన్లు కార్డులతో పెంచుకునే వీలున్న పెట్టె తీసుకోండి, నిండిపోయిన పెట్టె తర్వాత మొత్తం మార్చాల్సి వస్తుంది.

### సొంత సర్వర్‌తో ఐపీ ఫోన్లు

కంప్యూటర్ల నెట్‌వర్క్ తీగ మీదే ఫోన్ కూడా నడుస్తుంది. సర్వర్ మీ ఆఫీసులోనే ఉంటుంది. ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 1999లో మొదలైంది, దాని మీద కట్టిన సిస్టమ్స్ ఇప్పుడు లెక్కలేనన్ని. పార్క్, రికార్డింగ్, కాన్ఫరెన్స్, వాయిస్‌మెయిల్, వేరే బ్రాంచిని కలపడం, అన్నీ అందులోనే వస్తాయి, ఒక్కోదానికి కార్డు కొనక్కర్లేదు.

గొంతు కూడా మారుతుంది. పాత లైన్ 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్య ధ్వనినే మోస్తుంది, ఐపీలో రెండువైపులా హెచ్‌డీ వాయిస్ ఉంటే 7000 హెర్ట్జ్ దాకా వెళ్తుంది. అంకెలు, పేర్లు ఫోన్‌లో చెప్పించుకునే పనిలో ఈ తేడా చెవికి బాగా తెలుస్తుంది.

ఒక్కో కాల్‌కి మామూలు నాణ్యతలో ఒక్కోవైపు సెకనుకి దాదాపు 90 కిలోబిట్ల బ్యాండ్‌విడ్త్ చాలు, పది కాల్స్‌కి ఒక మెగాబిట్ లోపే. కాబట్టి "మా నెట్ స్పీడ్ చాలదేమో" అనేది అసలు భయం కాదు. ఆలస్యం, ఊగిసలాట (ఆ ఆలస్యం ఒక్కోసారి ఒక్కోలా మారుతూ ఉండడం) అసలు శత్రువులు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటితే ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు పడిపోవడం మొదలవుతుంది. ఎవరో పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేస్తుంటే గొంతు ముక్కలవుతుంది. రౌటర్‌లో వాయిస్‌కి ముందు దారి ఇచ్చే సెట్టింగ్ పెట్టించాలి, ఫోన్లని వైఫై మీద కాకుండా తీగ మీద పెట్టాలి. కాల్ కలిసి ఒకవైపే వినిపిస్తుంటే రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ అనే సెట్టింగ్ ఆపేసి చూడమనండి, చాలాసార్లు దోషి అదే.

నెట్‌వర్క్ తీగలోనే కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్ తీసుకుంటే ప్రతి ఫోన్‌కీ అడాప్టర్ అక్కర్లేదు, ఆ ఒక్క స్విచ్‌కి, సర్వర్‌కి, రౌటర్‌కి యూపీఎస్ పెడితే కరెంటు పోయినా ఫోన్లన్నీ బతికే ఉంటాయి. కంప్యూటర్‌ని ఫోన్ వెనకాల పోర్టు నుంచి కలపాలనుకుంటే ఆ పోర్టు గిగాబిట్‌దా కాదా చూడండి. వంద మెగాబిట్‌దైతే ఆ కంప్యూటర్ వేగం కూడా అక్కడికే ఆగిపోతుంది.

దీనికి మాత్రం చూసుకునే మనిషి ఉండాలి. లేకపోతే తీసుకోకండి. బయటి నుంచి దూరి రాత్రికి రాత్రి విదేశాలకి కాల్స్ చేసేసే మోసాలు పాతవే, ఎక్కువగా జరిగేది తేలిక పాస్‌వర్డ్‌ల వల్ల, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకపోవడం వల్ల. అవసరం లేకపోతే అంతర్జాతీయ కాల్స్ మూసేయించండి.

### క్లౌడ్ ఫోన్

ఫోన్లు అవే ఐపీ ఫోన్లు, సర్వర్ మాత్రం సర్వీసు కంపెనీ దగ్గర ఉంటుంది. మనిషికి ఇంత అని నెలనెలా కడతారు. మార్పులన్నీ వెబ్ పేజీలో మీరే చేసుకోవచ్చు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, వేరే ఊళ్లో ఉన్నవాళ్లు, మొబైల్ యాప్ మీద ఉన్నవాళ్లు అందరూ ఒకే ఆఫీసు నంబరు కింద ఉంటారు.

ఆఫీసు ఇంటర్నెట్ పోతే బల్ల మీది ఫోన్లు ఆగిపోతాయి, నిజమే. కానీ నంబరు కంపెనీ సర్వర్ దగ్గర ఉంటుంది కాబట్టి వచ్చే కాల్స్‌ని మొబైల్స్‌కి మళ్లించుకోవచ్చు. మళ్లింపు ముందే పెట్టి ఉంచాలి, నెట్ పోయాక టెన్షన్ పడుతూ వెతుక్కోకూడదు.

మనుషులు పెరిగేకొద్దీ నెల ఖర్చు పెరుగుతూనే పోతుంది. రోజుకి రెండు కాల్స్ చేసే మనిషికీ, రోజంతా మాట్లాడే మనిషికీ ఒకటే రుసుము కట్టాల్సి రావచ్చు. ఐదేళ్లకి మొత్తం ఎంతవుతుందో లెక్కేసి ఈపీఏబీఎక్స్ ఖర్చు పక్కన పెట్టి చూడండి.

## పక్కపక్కన పెడితే

| చూడాల్సింది | పెట్టె లేని సెట్లు | ఈపీఏబీఎక్స్ | సొంత ఐపీ | క్లౌడ్ |
|---|---|---|---|---|
| లైన్లు | 2 లేదా 4 | కార్డులతో పెంచుకోవచ్చు | సెట్టింగ్‌తో పెరుగుతాయి | ప్లాన్‌ని బట్టి |
| హోల్డ్ పెట్టిన కాల్ | ఎవరైనా అందుకోవచ్చు | ట్రాన్స్‌ఫర్ లేదా పార్క్ | ట్రాన్స్‌ఫర్ లేదా పార్క్ | ట్రాన్స్‌ఫర్ లేదా పార్క్ |
| ఇంటర్నెట్ పోతే | ఏమీ కాదు | ఏమీ కాదు | లోపలి కాల్స్ నడుస్తాయి, బయటివి లైన్ రకాన్ని బట్టి | ఆఫీసు ఫోన్లు ఆగుతాయి, మొబైల్‌కి మళ్లించొచ్చు |
| కరెంటు పోతే | సెట్‌ని బట్టి | ఒక్క లైన్ నడవొచ్చు | యూపీఎస్ ఉంటే నడుస్తాయి | యూపీఎస్ ఉంటే నడుస్తాయి |
| మార్పులు చేసేది | ఎవరైనా | టెక్నీషియన్ | మీ ఐటీ మనిషి | మీరే |
| ఖర్చు | ఒకసారి, తక్కువ | ఒకసారి, మధ్యస్థం | ఒకసారి, పైన నిర్వహణ | నెలనెలా |
| ఆఫీసు బయట ఉన్నవాళ్లు | కుదరదు | కష్టం | కుదురుతుంది, పని ఎక్కువ | సులువు |

## మీరు ఎవరైతే ఏది

ఒకే గది, నలుగురైదుగురు, ఎవరికి ఏ కాల్ వచ్చినా ఎవరైనా ఎత్తే తరహా పని అయితే నాలుగు లైన్ల సెట్లు తీసుకోండి, ఇంకేం ఆలోచించకండి. ఒక్క షరతు, మీ ప్రాంతంలో పాత రాగి లైన్లు ఇంకా కొన్నేళ్లు ఉంటాయని టెలిఫోన్ కంపెనీని అడిగి తెలుసుకోండి. చాలా దేశాల్లో వాటిని తీసేస్తున్నారు, బ్రిటన్‌లో గడువు 2027 జనవరి. తీసేసినా ఐపీ లైన్‌కి కలిపే అడాప్టర్ పెట్టి ఈ ఫోన్లు నడుపుకోవచ్చు గానీ, ఆ సంగతి కొనకముందే తెలియాలి.

గదులు ఎక్కువ, లోపలి మాటలే ఎక్కువ, బయటి కాల్స్ ఒక ఆపరేటర్ చూసుకునే చోట, మనుషులు తరచూ మారని చోట ఈపీఏబీఎక్స్ ఇప్పటికీ సరైన ఎంపికే. పాతదని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు.

సగం మంది బయట తిరిగేవాళ్లు, రెండు చోట్ల ఆఫీసులు, ఐటీ మనిషి లేడు అంటే క్లౌడ్. ఐటీ మనిషి ఉండి, ముప్పై నలభై ఫోన్లు దాటి, కాల్ రికార్డింగులు మీ దగ్గరే ఉండాలన్న పట్టింపు ఉంటే సొంత ఐపీ.

ఏది తేల్చుకోలేకపోతున్నవాళ్లకి మధ్యదారి ఒకటి ఉంది. రాగి లైన్లూ, ఐపీ లైన్లూ రెండూ తీసుకునే హైబ్రిడ్ పెట్టెలు దొరుకుతాయి. ఇప్పుడున్న తీగలు, ఫోన్లు వాడుకుంటూనే రిసెప్షన్‌లో ఒకటి రెండు ఐపీ ఫోన్లు పెట్టుకోవచ్చు. అద్దె భవనంలో కొత్త తీగలు లాగనివ్వకపోతే ఇది బాగా పనికొస్తుంది.

## మారేముందు

పాత లైన్ల మీద ఫోన్లు కాక ఇంకేమున్నాయో ఒకసారి ఆఫీసంతా తిరిగి చూడండి. ఫ్యాక్స్ మెషిన్, కార్డు గీసే మెషిన్, దొంగల అలారం, లిఫ్టులో ఉండే ఎమర్జెన్సీ ఫోన్. ఇవి ఐపీ మీదికి సాఫీగా రావు, ముఖ్యంగా లిఫ్టు ఫోన్, అలారం విషయంలో పరీక్షించకుండా లైన్ కోయించడం ప్రమాదం. ఎమర్జెన్సీ నంబరుకి కాల్ చేస్తే మీ చిరునామా సరిగ్గా వెళ్తుందో లేదో కొత్త సర్వీసు కంపెనీని అడగండి, ఐపీ ఫోన్‌ని ఎక్కడికైనా తీసుకెళ్లొచ్చు కాబట్టి అది దానంతటదే తెలిసే విషయం కాదు.

నంబరు కొత్త కంపెనీకి మారేదాకా పాత కనెక్షన్ రద్దు చేయకండి. ముందే రద్దు చేస్తే నంబరు చేయిజారిపోవచ్చు, అప్పుడు బోర్డులు, బిల్లు పుస్తకాలు, కస్టమర్ల ఫోన్లలో ఉన్న నంబరు అన్నీ మార్చుకోవాలి. మారడానికి నెల మధ్యలో, రద్దీ తక్కువుండే రోజు ఎంచుకోండి. ఆ రోజు బయట నుంచి ఒకేసారి మీ దగ్గరున్న లైన్లకంటే ఒకటి ఎక్కువ కాల్స్ చేయించి చూడండి, చివరి కాల్ ఎక్కడికి పోతోందో అప్పుడే తెలుస్తుంది.